దహించేది ఒకటి, దహింపజేసేది మరొకటి

నిప్పు మండవలెనంటే కట్టెయో, నూనెయో, గుడ్డయో ఏదో ఒకటి ఉండవలెనని గృహస్థులందరికీ తెలిసినదే. కాని అది నిప్పుకు కావలసినదానిలో సగం మాత్రమే. ఆ కట్టెను దహింపజేసే ద్రవ్యం రెండవ సగం. పొయ్యిని ఊదుగొట్టంతో ఊదినపుడు మనం అందించేది ఈ రెండవ సగాన్నే. మొదటిది కంటికి కనిపిస్తుంది గనుక దానిపట్ల జాగ్రత్త వహిస్తాము. కిరసనాయిలు డబ్బాను పొయ్యికి దూరంగా ఉంచుతాము. రెండవది తరచుగా కంటికి కనిపించదు. కనిపించినా ఉప్పువలెనో, తెల్లని పొడివలెనో, మంచినీటివలెనో అమాయకంగా కనిపిస్తుంది. రసాయన శాస్త్రంలో దానికి ఆక్సీకరణి అని పేరు.

ఆయుర్వేద వైద్యునికి ఈ విషయంతో పని ఏమిటని పాఠకులకు సందేహం కలుగవచ్చు. మన శాస్త్రంలో ఆకలి మొదలుకొని భస్మం వరకు సమస్తమూ అగ్నిని ఆశ్రయించి ఉన్నది. అగ్ని స్వభావం ఎరుగనివాడు వైద్యానికి అర్హుడు కాడు. అంతేకాక, ఈ ద్రవ్యాల విషయంలో మన ఉపేక్ష హైదరాబాదు నడిబొడ్డున, నాంపల్లి, అబిడ్స్ ప్రాంతాలలో ఎంతటి అనర్థాన్ని తెచ్చినదో ఇటీవలి సంవత్సరాలలో చూచి ఉన్నాము. ఆ ఉపేక్షలో మధ్యతరగతి గృహస్థుల పాలు కూడా ఉన్నదన్నదే ఈ వ్యాసంలో నేను చెప్పదలచిన మాట.

రెండు అగ్నిప్రమాదాలు

2023 నవంబరు 13వ తేదీన, దీపావళి మరునాడు, నాంపల్లిలోని బజార్‌ఘాట్‌లో ఒక నివాస భవనం మంటలలో చిక్కుకొన్నది. ఆ భవనపు నేల అంతస్తులో రసాయనాల పీపాలు నిల్వ చేసి ఉన్నవి. పై అంతస్తులలో కుటుంబాలు నివసిస్తున్నవి. పీపాలు అంటుకొనగా మంటలు, దట్టమైన పొగ పైకి ఎగబ్రాకినవి. కనీసం తొమ్మిదిమంది ప్రాణాలు కోల్పోయారు.

ఏడాది తిరుగకముందే, 2024 అక్టోబరు 27వ తేదీన, దీపావళికి నాలుగు రోజుల ముందు, అబిడ్స్ సమీపంలోని బొగ్గులకుంటలో ఒక బాణసంచా దుకాణం అంటుకొన్నది. పండుగ కొనుగోళ్ళకు వచ్చిన జనం భయంతో పరుగులు తీశారు. దుకాణం ముందు నిలిపిన వాహనాలు కాలిపోయినవి. అక్కడ ప్రాణనష్టం జరుగకపోవడం అదృష్టమనే చెప్పవలెను.

ఈ రెండూ పైకి ఒకే విధమైన ప్రమాదాలుగా కనిపించినా, శాస్త్రదృష్టితో చూచినపుడు వాటి మధ్య గొప్ప తేడా ఉన్నది. ఆ తేడా తెలిస్తే ఆక్సీకరణి అంటే ఏమిటో తెలిసినట్లే.

దాత, గ్రహీత

పద్దెనిమిదవ శతాబ్దిలో ఫ్రాన్సు దేశపు లావోయిజే అనే శాస్త్రజ్ఞుడు, వస్తువు మండడమంటే గాలిలోని ఒక భాగంతో కలియడమేనని నిరూపించాడు. ఆ భాగానికి ఆక్సిజన్ అని పేరు పెట్టినవాడు ఆయనే. మన పాఠ్యపుస్తకాలలో అది ఆమ్లజని అయినది, జనవ్యవహారంలో ప్రాణవాయువు. గాలిలో దాని పాలు సుమారు నూటికి 21 వంతులు. ప్రాణుల శ్వాసక్రియ కూడా ఒక మందమైన దహనమేనని ఆయన చెప్పినపుడు యూరపు విద్వాంసులు ఆశ్చర్యపోయారు. జఠరంలో అగ్ని ఉన్నదని వింటూ పెరిగిన మనకు ఆ మాట అంత కొత్తగా తోచదు.

ప్రాణవాయువును అందించేది ఆక్సీకరణి అని తొలినాళ్ళలో అనుకొన్నారు. తరువాత పరమాణు నిర్మాణం తెలిసివచ్చిన మీదట నిర్వచనం మరింత లోతుగా మారినది. ప్రతి పరమాణువులోనూ ఎలక్ట్రాన్లు అనే అతి సూక్ష్మ కణాలుంటవి. ఒక పదార్థం నుండి ఎలక్ట్రాన్లను పుచ్చుకొనేది ఆక్సీకరణి. వాటిని ఇచ్చేది క్షయకరణి. ఒకటి దాత, మరొకటి గ్రహీత. పుచ్చుకొనేవాడు లేనిదే దానం జరుగదు గదా! అట్లే ఈ రెండు క్రియలూ ఎప్పుడూ జంటగానే జరుగుతవి. గ్రహీత ఎంత ఆశపోతు అయితే చర్య అంత తీవ్రంగా ఉంటుంది. ఆ పుచ్చుకొనడం మెల్లగా సాగితే ఇనుముకు తుప్పు పడుతుంది, నెయ్యి కనరుతుంది. వేగంగా సాగితే మంట పుడుతుంది. క్షణంలో ముగిస్తే పేలుడు సంభవిస్తుంది.

మైలుతుత్తం కలిపిన నీలివర్ణపు నీటిలో ఇనుప మేకును ఉంచితే కొంతసేపటికి మేకుపై ఎర్రని రాగి పూత కనిపిస్తుంది. ఇనుము రాగిగా మారినదని పూర్వం కొందరు భ్రమించారు. నిజానికి నీటిలోని రాగి కణాలు ఇనుము వద్ద ఎలక్ట్రాన్లు పుచ్చుకొని లోహరూపం ధరించినవి. ఇచ్చిన ఇనుము నీటిలో కరిగినది. ఇక్కడ ఆక్సీకరణి రాగి.

మన కజ్జలి సంగతి చూడండి. శుద్ధ పారదాన్ని, శుద్ధ గంధకాన్ని కల్వంలో వేసి నూరగా నూరగా పాదరసపు మెరుపు పూర్తిగా అదృశ్యమై కాటుకవంటి నల్లని పొడి మిగులుతుంది. పాదరసం ఇచ్చినది, గంధకం పుచ్చుకొన్నది. అక్కడ ప్రాణవాయువుకు పాత్ర లేదు, అయినా అది ఆక్సీకరణమే. పాదరసం విషం గనుక గృహస్థులు ఈ పనికి పూనుకొనరాదని వేరుగా చెప్పనక్కరలేదు.

బయటి గాలి, లోపలి గాలి

ఇప్పుడు ఆ రెండు ప్రమాదాల వద్దకు మరల వెళ్ళెదము.

బజార్‌ఘాట్‌లో పీపాలలోని సరుకు మండే ద్రవ్యం. దానిని దహింపజేసినది ప్రధానంగా చుట్టూ ఉన్న గాలి. ఇటువంటి నిప్పు చిన్నదిగా ఉన్నపుడే గాలి సోకకుండా చేయగలిగితే ఆరిపోతుంది. వంటింట్లో బాణలిలోని నూనె అంటుకొన్నపుడు పొయ్యి కట్టివేసి మూత పెట్టమని చెప్పేది ఇందుకే. మండుతున్న నూనెపై నీరు పోయరాదు. నీరు భగ్గున ఆవిరై మండే నూనెను నలుదిక్కులకూ చిమ్ముతుంది.

బొగ్గులకుంటలో ఈ ఉపాయం పనిచేయదు. టపాకాయ తన ఆక్సీకరణిని తన పొట్టలోనే దాచుకొని ఉంటుంది. తుపాకి మందులో ఉండేవి మూడు వస్తువులు: సురేకారం, బొగ్గు, గంధకం. బొగ్గు, గంధకం మండేవి. వాటిని దహింపజేసేది సురేకారం. పల్లెలలో దీనినే పెట్లుప్పు అంటారు. వేడి తగులగానే ఇది తనలో బంధించి ఉంచిన ప్రాణవాయువును వెదజల్లుతుంది. బయటి గాలితో పనిలేదు. గోనెసంచి కప్పినా, తలుపులు మూసినా లోపలి మంట ఆగదు. మూసిన గదిలో ఒత్తిడి పెరిగి అపాయం మరింత హెచ్చుతుంది. నేటి బాణసంచాలో సురేకారంతోపాటు అంతకంటె తీవ్రమైన ఆక్సీకరణులు కూడా వాడుకలోకి వచ్చినవి. ఆకుపచ్చని వెలుగు కోసం వాడే బేరియం నైట్రేటు వాటిలో ఒకటి. బేరియం లవణాలు ఆరోగ్యానికి హానికరమన్న కారణంగా బాణసంచాలో వాటి వాడకాన్ని సుప్రీంకోర్టు 2018లో నిషేధించినది.

ఈ ప్రాంతానికి సురేకారంతో సంబంధం కొత్తది కాదు. అబిడ్స్ నుండి బషీర్‌బాగ్ వైపు వెళ్ళే దారిలో గన్‌ఫౌండ్రీ అనే పేట ఉన్నది. నిజాం కొలువులోని ఫ్రెంచి సేనాని రేమండ్ పద్దెనిమిదవ శతాబ్ది చివరలో అక్కడ ఫిరంగులు పోత పోయించాడు. తోప్ కా సాంచా అని దాని పాతపేరు. నాడు ఆ ఫిరంగులు సేవించిన మందుకు, నేడు మన పిల్లలు వెలిగించే చిచ్చుబుడ్డికి మూలసూత్రం ఒక్కటే. నేడు ఆ మందు ఇళ్ళ నడుమకు, మెట్ల క్రిందికి వచ్చి చేరినది.

వైద్యుని అలమారలో

సురేకారం వైద్యుల వద్ద కూడా ఉంటుంది. దానితో తయారయ్యే శ్వేతపర్పటిని మూత్రకృచ్ఛ్రంలో, అంటే మూత్రం బొట్టు బొట్టుగా మంటతో వచ్చే బాధలో, గుంజల లెక్కన కొలిచి ఇస్తాము. కాని మూత్రపిండాలు బలహీనపడినవారికి ఇది పనికిరాదు. ఇందులోని పొటాషియం వారి గుండెకు ప్రమాదం తెస్తుంది. ఎవరో చెప్పినారని బజారులో కొని సొంతంగా సేవించరాదు.

నేను గురుకులంలో విద్య నేర్చినపుడు మా గురువుగారి మందుల గదిలో సురేకారం జాడీ ఒక గోడవద్ద, గంధకం జాడీ ఎదుటి గోడవద్ద ఉండేవి. రెండింటికీ ఒకే గరిటె వాడనిచ్చేవారు కాదు. ఆయనకు ఎలక్ట్రాను మాట తెలియదు. అయినా ఏది దేని ప్రక్కన ఉండరాదో తెలుసును. రసరత్నసముచ్చయంలో రసశాల నిర్మాణం చెప్పినపుడు అగ్నికార్యానికి ఆగ్నేయ భాగాన్ని, సిద్ధమైన వస్తువులకు ఈశాన్యాన్ని కేటాయించినారు. నిప్పుకు ఒక తావు, నిల్వకు వేరొక తావు. దీనిని కేవలం ఆచారమని తీసివేయరాదు.

భస్మాల పరీక్షలలోనూ ఈ జ్ఞానం కనిపిస్తుంది. లోహభస్మంలో అధిక భాగం ఇనుము ఆక్సీకరణం చెందగా ఏర్పడినదే. అది పూర్తిగా సిద్ధమైనదా లేదా అని తెలుసుకొనడానికి తేనె, నెయ్యి, బెల్లం, గురివింద గింజలు, వెలిగారం కలిపి మూసలో కాలుస్తారు. తేనె, నెయ్యి, బెల్లం ఇచ్చే స్వభావం గల దాతలు. ఆక్సీకరణాన్ని వెనుకకు మరలింపజూస్తవి. అట్లు కాల్చినా లోహం తిరిగి పుట్టకపోతే ఆ భస్మాన్ని అపునర్భవం అంటారు. దాత, గ్రహీతల లక్షణాన్ని మన పెద్దలు అనుభవంతో ఎంత చక్కగా వినియోగించుకొన్నారో దీనివల్ల తెలుస్తున్నది.

ఇంటిలోని ఆక్సీకరణులు

మన ఇళ్ళలో కనీసం రెండు మూడు ఆక్సీకరణులు ఎల్లప్పుడూ ఉంటవి. వాటిని తప్పక ఉపయోగించుకొనవలెను. ఉపయోగించే విధి మాత్రం తెలిసి ఉండవలెను.

బ్లీచింగ్ పౌడరు: నీటిలోని సూక్ష్మజీవుల ద్రవ్యాలనుండి ఎలక్ట్రాన్లు లాగివేసి వాటిని నశింపజేస్తుంది. కొళాయి నీటిలో లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలి ఉండవలెనని నియమం ఉన్నది. ఆ స్వల్పమైన వాసన మన రక్షణకే. కాని మరుగుదొడ్డి శుభ్రం చేసేటపుడు బ్లీచింగ్ పౌడరును, యాసిడ్‌ను కలిపితే క్లోరిన్ విషవాయువు వెలువడుతుంది. 1915లో యుద్ధరంగంలో సైనికులపై ప్రయోగించిన వాయువు ఇదే. రెండూ కలిపితే మరింత తెల్లబడుతుందని పనివారికి చెప్పే ఇల్లాండ్రు ఈ సంగతి గ్రహించవలెను. పొరపాటున కలిసి ఘాటు వాసన వస్తే వెంటనే ఆరుబయటకు రావలెను. దగ్గు, ఆయాసం తగ్గకపోతే ఆలస్యం చేయక ఆసుపత్రికి వెళ్ళవలెను.

పొటాషియం పర్మాంగనేటు: నీటిని లేత గులాబీరంగుకు తెచ్చే పాటి పలుకులు చాలును. ముదురు రంగు నీరు చర్మాన్ని, నోటిని కాల్చుతుంది. ఈ పలుకులు గ్లిజరిన్‌తో కలిస్తే అగ్గిపుల్ల లేకనే మంట పుట్టవచ్చును. కనుక మందుల పెట్టెలో ఈ రెండింటినీ పక్కపక్కన ఉంచరాదు.

హైడ్రోజన్ పెరాక్సైడు: చూడడానికి నీటివలె ఉంటుంది. దీనిని త్రాగితే సర్వరోగాలూ పోతవని జరిగే ప్రచారాన్ని నమ్మరాదు. కడుపు, అన్నవాహిక కాలిపోయే ప్రమాదం ఉన్నది.

భయం కూడా అజ్ఞానమే

అశ్రద్ధ ఒక వైపు ఉండగా, మరొక వైపు అనవసర భయం వ్యాపిస్తున్నది. ఆక్సీకరణం అంటేనే శరీరానికి శత్రువని, దానిని అడ్డుకొనే గుళికలు జీవితాంతం మింగవలెనని ప్రకటనలు చెబుతున్నవి. మా వైద్యంలోని ఉసిరికను కూడా ఈ పేరుతోనే అమ్ముతున్నారు. రోగక్రిములను చంపడానికి మన రక్తంలోని తెల్లకణాలు స్వయంగా ఆక్సీకరణులను తయారు చేసుకొంటవి. వాటిలో ఒకటి బ్లీచింగ్ పౌడరు నీటిలో పనిచేసే పదార్థమే! 1994లో ఫిన్లాండులో 29,133 మంది పొగత్రాగే పురుషులపై జరిగిన పరిశీలన ఫలితాలు వెలువడినవి. ఆక్సీకరణాన్ని అడ్డుకొనునని భావించి ఇచ్చిన బీటా కెరోటిన్ గుళికలు తీసుకొన్నవారిలో ఊపిరితిత్తుల క్యాన్సరు నూటికి 18 వంతులు అధికమైనది. ఉసిరిక, కూరలు ఆహారంగా తీసుకొనడం మేలే. కాని అగ్నిని చల్లార్చడం ఆరోగ్యం కాదు. అగ్నిని సమంగా ఉంచడం ఆరోగ్యం. అందుకే సమాగ్నిని పెద్దలు ప్రశంసించారు గాని అగ్ని లేకపోవడాన్ని కాదు.

మన బాధ్యత

నేల అంతస్తును గోదాముకు అద్దెకిస్తే నివాసానికి వచ్చేదానికంటె హెచ్చు అద్దె వస్తుందని సంతోషించేది మనమే. ఏ సరుకు దించుతున్నారని అడుగనిదీ మనమే. టపాకాయలు వీధి చివరనే దొరకవలెనని కోరేది కూడా మనమే. దుకాణదారుని, అధికారిని నిందించి ఊరుకొంటే మన పాలు తీరదు.

చిన్న వ్యాపారులు ఎక్కడికి పోవలెనని కొందరు ప్రశ్నిస్తారు. ఇరుకు సందులలోనే వారి జీవనం, వారి పిల్లల చదువు ఉన్నవన్న మాట నిజమే. వారిని వెళ్ళగొట్టమని నేను చెప్పడం లేదు. 2008 నాటి పేలుడు పదార్థాల నియమావళి, తాత్కాలిక బాణసంచా దుకాణాలు ఒకదానికొకటి కనీసం 3 మీటర్లు, ఇళ్ళవంటి రక్షిత కట్టడాలకు కనీసం 50 మీటర్లు దూరంగా ఉండవలెనని చెబుతున్నది. ఆ దూరం లభించే మైదానాలలో పండుగ రోజులలో వారికి తావు చూపవచ్చును. మైదానమైనంత మాత్రాన చాలదు, ఎడం ఉండి తీరవలెను. 2019 జనవరి 30వ తేదీ రాత్రి నాంపల్లి ఎగ్జిబిషన్ మైదానంలోని నుమాయిష్‌లో నిప్పు అంటుకొన్నపుడు, ఆనుకొని ఉన్న కారణాన వందకు పైగా దుకాణాలు ఆహుతి అయినవి. మైదానం వరకు నడిచి వెళ్ళి కొనుక్కొనే శ్రమకు మనం సిద్ధపడితే, ఇళ్ళ నడుమ అమ్మవలసిన అవసరం వ్యాపారికి ఉండదు.

కనుక ప్రతి భవనంలోని నివాసులు ఏడాదికి రెండుమార్లు, ఒకటి వేసవికి ముందు, మరొకటి దీపావళికి ముందు, తమ నేల అంతస్తులో, మెట్ల క్రింద ఏమేమి నిల్వ ఉన్నవో చూచుకొనవలెను. పీపాలు, డబ్బాలు, బాణసంచా ఉంటే యజమానికి మర్యాదగా చెప్పవలెను. వినకపోతే అగ్నిమాపక శాఖకు వ్రాతమూలకంగా తెలుపవలెను. అది తగవు కాదు, ఆత్మరక్షణ.

కాకరపువ్వొత్తి కాలిన పిదప తీగను నేలపై పడవేయక బకెట్టు నీటిలో ముంచవలెను. ఒళ్ళు కాలినపుడు కొళాయి చల్లని నీటిని ధారగా 20 నిమిషాలు పోయవలెను. మంచుగడ్డ, పళ్ళపొడి, సిరా, కాఫీపొడి ఏవీ పూయరాదు. నెయ్యి, కలబందవంటి మా లేపనాలు సైతం ఆ సమయంలో వద్దు. వేడి పూర్తిగా చల్లారి, వైద్యుడు చూచిన తరువాతనే.

చివరకు, మీ వంటింట్లోని అగ్గిపెట్టెను ఒకసారి చేతిలోకి తీసుకొనండి. పుల్ల తలపై ఉన్నది పొటాషియం క్లోరేటు, బలమైన ఆక్సీకరణి. పెట్టె ప్రక్కనున్న పట్టీలో ఉన్నది ఎర్ర భాస్వరం. ఈ రెండింటినీ వేరు చేసి, ఒకటి పుల్లకు, మరొకటి పెట్టెకు ఇచ్చినందువల్లనే అది మన చొక్కా జేబులో ఏ అపాయమూ లేక పడి ఉంటున్నది. రెండూ ఎప్పుడు కలియవలెనో నిర్ణయించేది మన చేయి. పాతిక పుల్లల పెట్టెలో పాటిస్తున్న ఈ నియమాన్ని, పాతిక కుటుంబాలు నివసించే భవనంలో పాటించలేమా?